‘ఎవరికీ చెప్పనులే’ అని మాటివ్వకూడని ఉద్యోగం

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ సెకండియర్ పరీక్షలు రాశాను. నాన్నకు నన్ను డాక్టర్ చేయాలని ఉంది. నాకేమో సైకాలజీ ఇష్టం. మొన్న ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి, ‘బీఎస్సీ ఫోరెన్సిక్ సైకాలజీ అండ్ కౌన్సెలింగ్’ అని మూడేళ్ల కోర్సు ఉందన్నారు. ఫీజు ఏడాదికి లక్షా ఇరవై వేలు. డిగ్రీ చేతికి రాగానే పోలీసు శాఖలో, ఆధారాలను బట్టి నేరస్థుడు ఎలాంటివాడో అంచనా వేసే క్రిమినల్ ప్రొఫైలర్‌గా చేరొచ్చట, లేదంటే సొంతంగా కౌన్సెలింగ్ సెంటర్ పెట్టుకోవచ్చట. నాన్న హెడ్ కానిస్టేబుల్. ‘ఇన్నేళ్ల సర్వీసులో అట్లాంటి పోస్టు నేను చూడలేదు బిడ్డా’ అంటున్నారు. నేరస్థులతో, మతిస్థిమితం లేనివాళ్లతో ఆడపిల్లకు పనేంటని అమ్మ భయం. ఈ కోర్సులో చేరమంటారా?
– పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: తల్లీ, మీ నాన్నగారు చెప్పింది నిజం. డిగ్రీ పట్టా పట్టుకెళ్లి దరఖాస్తు పెట్టుకోవడానికి మన పోలీసు శాఖల్లో ‘క్రిమినల్ ప్రొఫైలర్’ అనే పోస్టు లేదు. ఇంటికొచ్చిన వాళ్లు ఆ మాట చెప్పి నీ మనసులో ఆశ పెట్టారు. నాకు కోపం వచ్చింది అందుకే. సబ్జెక్టు మీద నీ ఇష్టంలో మాత్రం ఏ తప్పూ లేదు. ఆ పని నిజంగా ఎలా ఉంటుందో నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. కొంచెం వివరంగా చెబుతాను.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. మొదటి ఏడాదే నా దగ్గరికి ఆరేళ్ల బాబుని తీసుకొచ్చారు. (గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి రాస్తున్నాను.) ఇంట్లో ఎవరో కొడుతున్నారని బడిలో టీచరుకి అనుమానం. పిల్లాడు నోరు విప్పడు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది, దాన్ని చింపకుండా అటూ ఇటూ నలుపుతున్నాడు. గంట గడిచింది. నాకు టెన్షన్. ‘మీ బాబాయ్ కొట్టాడా నాన్నా?’ అని అడిగాను. తలూపాడు. హమ్మయ్య, తేలింది అనుకుని కాగితం మీద రాసేశాను.

మూలన కూర్చుని చూస్తున్న మా సీనియర్ మేడమ్ లేచి వచ్చి వాడి పక్కన నేల మీద చతికిలబడ్డారు. ‘మీ బాబాయ్ దగ్గర ఏనుగు ఉందా?’ అని అడిగారు. బాబు దానికీ తలూపాడు.

నేను రాసిన కాగితాన్ని ఆవిడ ఏమీ అనకుండా మడిచి పక్కన పెట్టారు. బిస్కెట్ ప్యాకెట్ చింపి ఇచ్చారు. వాడు రెండు తిన్నాక, ‘నిన్న బడి నుంచి ఇంటికి వెళ్లాక ఏమేం చేశావో మొదట్నుంచీ చెప్పు, నాకు తెలీదు కదా’ అన్నారు. అంతే. ఆ తర్వాత ‘ఊఁ, తర్వాత?’ అన్న మాట తప్ప ఆవిడ నోటి నుంచి ఇంకేమీ రాలేదు. చివరికి తేలిందేమిటంటే, వాణ్ని కొట్టింది బాబాయ్ కాదు. నా కాగితం అలాగే పోలీసుల చేతికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకు వస్తుంది.

నువ్వు చదవాలనుకుంటున్న ఫోరెన్సిక్ సైకాలజీకి, అంటే కోర్టులకు, కేసులకు పనికొచ్చే సైకాలజీకి, ఇదే గుండెకాయ. జవాబు అందించకుండా ప్రశ్న అడగడం. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల వీడియోలు చూపించారు. తర్వాత కొందరిని ‘కార్లు ఒకదాన్నొకటి బలంగా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి?’ అని అడిగారు. ఇంకొందరిని ‘తగిలినప్పుడు ఎంత స్పీడు?’ అని అడిగారు. చూసినవి అవే వీడియోలు. ‘గుద్దుకున్నప్పుడు’ అన్న మాట విన్నవాళ్లు సగటున గంటకు దాదాపు 41 మైళ్లు అన్నారు, ‘తగిలినప్పుడు’ విన్నవాళ్లు దాదాపు 32 అన్నారు. ఇంకో బృందం మీద మరో ప్రయోగం చేసి, వారం తర్వాత వాళ్లని పిలిచి ‘పగిలిన గాజు చూశారా?’ అని అడిగారు. వీడియోలో పగిలిన గాజు లేనే లేదు. అయినా ‘గుద్దుకున్నప్పుడు’ అన్న ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా ‘ఢీకొన్నప్పుడు’ అని అడిగిన 50 మందిలో 7 మందే అలా అన్నారు. ఒక్క క్రియాపదం మారితే జ్ఞాపకం మారింది. చదువుకున్న పెద్దవాళ్ల సంగతే అలా ఉంటే, పోలీస్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టిన ఆరేళ్ల పిల్లాడి మాటేమిటి?

ఇది మీ నాన్నగారికి చదివి వినిపించు. స్టేట్‌మెంట్లు రాసుకునే మనిషి కాబట్టి ఆయనకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు కోర్సు పేరు సంగతి. ‘ఫోరెన్సిక్’, ‘కౌన్సెలింగ్’ రెండిటినీ ఒకే పేరులో కట్టేసి అమ్ముతున్నారు. చదువుగా రెండూ తెలుసుకోవడం మంచిదే. పనిలోకి వచ్చేసరికి మాత్రం అవి రెండు వేర్వేరు కుర్చీలు. కౌన్సెలింగ్‌లో మనిషి తన కోసం తాను నీ దగ్గరికి వస్తాడు. తను చెప్పింది ఆ గదిలోనే ఉంటుందని నమ్ముతాడు. నువ్వు ఆయన పక్షం. ఫోరెన్సిక్ పనిలో ఆ మనిషిని కోర్టో, మైనర్ల నేరాల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డో పంపుతుంది. నువ్వు రాసే రిపోర్టు జడ్జి ముందుకు వెళుతుంది. అందుకే కూర్చోగానే ‘నువ్వు నాకు చెప్పేది రాసి పంపిస్తాను, చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకపోవచ్చు’ అని ఆ మనిషికి ముందే చెప్పాలి. ఒకే కేసులో ఒకే మనిషి ఈ రెండు పనులూ చేస్తే, ఓదార్చి చెప్పించుకున్న మాటలే రేపు సాక్ష్యంగా వాడినట్టవుతుంది. ఏ కుర్చీలో కూర్చున్నావో ముందు నీకు తెలియాలి, ఎదుటివాళ్లకీ తెలియాలి.

కౌన్సెలింగ్ కుర్చీలోనూ అన్ని మాటలూ దాచలేం. 2012 నాటి పోక్సో చట్టంలో 19వ సెక్షన్ ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. కౌన్సెలర్‌కి మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. కాబట్టి ఒక పాప నీ కొంగు పట్టుకుని ‘అక్కా, ఎవరికీ చెప్పనంటేనే చెబుతా’ అంటే, నువ్వు ‘చెప్పనులే’ అనకూడదు. అలా అని ఆ పాపను వెనక్కి పంపేయలేం కూడా. ‘నీకు దెబ్బ తగులుతుందనిపిస్తే నేను కొందరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెబుతానో, ఎప్పుడు చెబుతానో నీకు ముందే చెబుతాను’ అనాలి. ఈ రెండు వాక్యాలు తడబడకుండా చెప్పడం నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. పిల్లలు అబద్ధాన్ని ఇట్టే పసిగడతారు.

ఇక ఈ చదువుకి మన దగ్గర పని ఎక్కడుంది? ఉంది. సినిమాల్లో చూపించే చోట లేదు, అంతే. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల మధ్య కుర్రాడు ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ ఉంటే, అతణ్ని పెద్దవాడిగా విచారించాలా వద్దా అని బోర్డు ముందు అంచనా వేయాలి. నేరం చేయగల శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానం అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అనేవి చూడాలి. ఇందులో సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చని చట్టంలో ఉంది. 2022లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. బోర్డు సభ్యుల్లో పిల్లల సైకాలజీ గానీ సైకియాట్రీ గానీ చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని చెప్పింది. ఒక కుర్రాడి జీవితం ఎటు తిరగాలో తేల్చే కాగితం అది. దాన్ని రాయగల శిక్షణ ఉన్నవాళ్లు మనకు చాలా తక్కువ. నీలాంటి పిల్లలు ఈ దారిలోకి రావాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే.

హైదరాబాద్‌లో 2016లో హింసకు గురైన ఆడవాళ్ల, పిల్లల కోసం మొదలైన భరోసా కేంద్రం, ఆడవాళ్లకు అండగా జిల్లాల్లో ఉండే సఖి కేంద్రాలు, ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్లు, జైళ్లలో కౌన్సెలింగ్, బాలల సంరక్షణ విభాగాలు – ఇవన్నీ ఈ చదువు అవసరమైన చోట్లే. చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు, జీతాలు ఆ పని బరువుకి తగ్గట్టు లేవు. ఇది దాచిపెట్టి నిన్ను రమ్మనడం నాకు ఇష్టం లేదు.

లై డిటెక్టర్ (దీన్నే పాలిగ్రాఫ్ అంటారు), మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ప్రశ్నలడిగే నార్కో పరీక్షల గురించి కూడా నువ్వు అడుగుతావని తెలుసు. కొన్ని ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైకాలజీ విభాగం ఉంది, ఆ పరీక్షలు అక్కడ చేస్తారు. 2010 మేలో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని తీర్పు ఇచ్చింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవర్నీ బలవంతం చేయకూడదని రాజ్యాంగంలో 20(3) అధికరణ ఉంది, అదే దానికి ఆధారం. టీవీ చర్చల్లో ‘నార్కో చేస్తే నిజం కక్కేస్తాడు’ అని అరిచే మాటలు నమ్మకు. ఆ ఇంజెక్షన్ మత్తులో మనిషి నిజమూ చెబుతాడు, ఊహించుకున్నదీ చెబుతాడు.

మరి డిగ్రీలో ఏం చదవాలి? సైకాలజీ చదువు. పేరులో ఫోరెన్సిక్ అని లేకపోయినా ఫరవాలేదు. సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న బీఏ గానీ, బీఎస్సీ గానీ, ఆనర్స్ దొరికితే అది గానీ తీసుకో. జనరల్ సైకాలజీ, పిల్లల ఎదుగుదల, సోషల్ సైకాలజీ, అబ్‌నార్మల్ సైకాలజీ, స్టాటిస్టిక్స్, ల్యాబ్ ప్రాక్టికల్స్ – ఇవి గట్టిపడితే ఫోరెన్సిక్ అనేది తర్వాత పీజీలో ఎక్కించుకునే అంతస్తు. బైపీసీ వృథా పోదు. మెదడు, నరాల పాఠాలు వచ్చినప్పుడు నీకే తేలిక. స్టాటిస్టిక్స్‌కి మాత్రం ఇప్పట్నుంచే భయం వదులు. పరిశోధన ఏదైనా నమ్మాలా వద్దా అన్నది తేల్చేది అదే.

ప్రాక్టికల్స్‌ని చిన్నచూపు చూడకు. మా రోజుల్లో ముల్లర్-లయర్ బోర్డు అని ఒకటి ఉండేది. చెక్క పలక మీద ఒక గీత, దాని చివర్లలో బాణం గుర్తులు లోపలికి. పక్కనే జరిపే రేకు మీద ఇంకో గీత, దాని బాణాలు బయటికి. రెండు గీతలూ సమానంగా కనిపించేదాకా రేకు జరపాలి. తర్వాత స్కేలు పెట్టి ఎంత తేడా వచ్చిందో రికార్డులో రాయాలి. ఇది కంటి మోసమని తెలిసే కూర్చున్నాను. అయినా ఇరవై సార్లలో ఇరవై సార్లూ నా చెయ్యి తప్పే జరిపింది. తెలిసినంత మాత్రాన తప్పు చూడ్డం ఆగదని నాకు ఆ రోజు అర్థమైంది. ‘నా కళ్లతో చూశానమ్మా’ అని ఒట్టేసి చెప్పే సాక్షి ఎదురైనప్పుడల్లా ఆ చెక్క పలక గుర్తొస్తుంది. ఆ సాక్షి అబద్ధం చెప్పకపోవచ్చు, చూసింది మాత్రం తప్పై ఉండొచ్చు.

డిగ్రీ తర్వాత దారులు విడిపోతాయి. ఫోరెన్సిక్ వైపు అయితే గుజరాత్‌లోని గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ అయింది. అక్కడ ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైకాలజీ చేయొచ్చు, దానికి వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష రాయాలి. క్లినికల్ వైపు అయితే ఒక విషయం బాగా గుర్తుపెట్టుకో. ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో, నమోదై ఉండాలి. ఇన్నాళ్లూ దానికి మామూలు దారి పీజీ తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్. కొత్త విద్యా విధానంలో ఎం.ఫిల్ తీసేస్తున్నారు కాబట్టి ఆ దారి మారుతోంది. నువ్వు అక్కడికి చేరేసరికి ఏ కోర్సుకి గుర్తింపు ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూసుకో, ఏజెంట్ మాట మీద ఆధారపడకు. మూడేళ్ల డిగ్రీతో కౌన్సెలింగ్ సెంటర్ పెట్టుకోమని చెప్పినవాళ్లు మాత్రం నీకూ, రేపు నీ దగ్గరికి వచ్చేవాళ్లకీ ఇద్దరికీ అన్యాయం చేస్తున్నారు. చావాలనుకుంటున్నానని ఎదురుగా కూర్చున్న మనిషి అంటే ఏం చేయాలో ఇరవై ఏళ్ల పిల్లకు మూడేళ్లలో ఎవరు నేర్పుతారు?

ఆ కాలేజీకి ఒకసారి నాన్నతో కలిసి వెళ్లు. పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరు, ఏ డిగ్రీ పేరు ఉంటుందో పాత విద్యార్థి మెమో చూపించమని అడుగు. సైకాలజీలో పీజీ చేసిన లెక్చరర్లు ఎంతమంది ఉన్నారో, ల్యాబ్ ఎక్కడుందో తాళం తీయించి చూడు. ఇంటర్న్‌షిప్ ఏ కేంద్రంలో ఇప్పిస్తారో ఆ కేంద్రం ఇచ్చిన ఉత్తరం చూపించమను. వీటికి జవాబు దొరికితే చేరొచ్చు. దొరకకపోతే తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో సైకాలజీ ఉన్న ప్రభుత్వ కాలేజీలు వెతుకు. ఫీజులో మిగిలిన డబ్బు పీజీకి, హాస్టల్‌కి పనికొస్తుంది.

మీ అమ్మగారి భయం గురించి. అమ్మా, మీ పాప ఎక్కువగా చూడబోయేది కరడుగట్టిన నేరస్థుల్ని కాదు. దెబ్బలు తిన్న ఆడవాళ్లనీ, భయపడ్డ పిల్లల్నీ, తప్పు చేసి గోడ వైపు తిరిగి కూర్చున్న పదిహేడేళ్ల కుర్రాళ్లనీ. మనసు బాగాలేని మనుషులంటే భయపడాల్సిన పని లేదు. వాళ్లే మనల్ని చూసి భయపడుతుంటారు. ఒక్కసారి నా దగ్గరికి పాపను తీసుకుని రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్‌ని, వయసు 36. దూరవిద్యలో సైకాలజీ డిగ్రీ చేసి పిల్లల కౌన్సెలర్ కావాలనుంది. వీలవుతుందా?
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: ఇప్పుడు కాదమ్మా. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోకూడదని యూజీసీ ఆపేసింది. అయినా ఎవరైనా సీటు ఇస్తామంటే డబ్బు కట్టకండి. ఈ నిర్ణయం మీలాంటి వాళ్లకు కష్టమే, నాకు తెలుసు. కానీ ఎదుటి మనిషి ముఖం చూడకుండా ఈ పని నేర్చుకోలేమన్నది నా అనుభవం. మీకు రెగ్యులర్ కాలేజీ కుదరకపోతే మీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి ‘సపోర్ట్ పర్సన్’ పని గురించి అడగండి. పోక్సో కేసుల్లో పాపకు, కుటుంబానికి కేసు అయ్యేదాకా తోడుండే మనిషి ఆ సపోర్ట్ పర్సన్. పిల్లల హక్కుల రంగంలో పనిచేసేవాళ్లను ఇందుకు తీసుకోవచ్చని నిబంధనల్లో ఉంది. పిల్లలతో ఇన్నేళ్లు గడిపిన మీకు ఎలా మాట్లాడాలో కొత్తగా చెప్పక్కర్లేదు.

ప్రశ్న: బీఏ సైకాలజీ చివరి ఏడాది. ఇంటర్న్‌షిప్‌లో ఒకావిడ కథ విని ఆమె ముందే ఏడ్చేశాను. నేను ఈ పనికి పనికిరానేమోనని నిద్ర పట్టడం లేదు.
– గుంటూరు విద్యార్థిని

జవాబు: కళ్లలో నీళ్లు రావడం వల్ల ఎవరూ పనికిరాకుండా పోరమ్మా. ఆవిడ తన బాధ ఆపి నిన్ను ఓదార్చాల్సి వచ్చిందా? అది ఒక్కటి ఆలోచించు. అలా జరిగి ఉంటే, ఈసారి ఒక్క నిమిషం బయటికి వెళ్లి నీళ్లు తాగి వస్తానని చెప్పి లేచిపో. నాకు మొదటి ఐదేళ్లు ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక గంట ఉండేది. మా సీనియర్ మేడమ్ ఎదురుగా కూర్చుని ఆ వారం విన్నవన్నీ, పేర్లు లేకుండా, చెప్పుకునేదాన్ని. ఏడ్చేది కూడా అక్కడే. ఆ గంట లేకపోతే నేను రెండో ఏడాదికే మానేసి ఉండేదాన్ని. నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, అది ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. సోమవారం ఇంటర్న్‌షిప్‌కి వెళ్లగానే అక్కడి పెద్దవాళ్లను ఈ ప్రశ్న అడుగు: ‘నేను విన్నవి వారానికి ఒకసారి ఎవరితో చెప్పుకోవాలి?’ వాళ్లు ఒక పేరు చెబితే అక్కడే ఉండు. చెప్పలేకపోతే మీ లెక్చరర్‌ని అడిగి ఇంకో చోటికి మార్పించుకో.